గోదావరి లంకల్లో డిటెక్టర్ తిప్పితే బంగారం దొరుకుతుందా?

అడిగినవారిది రాజోలు దగ్గర ఊరు. ఆస్ట్రేలియాలో ఎర్రమట్టిలో డిటెక్టర్ తిప్పి బంగారు ముక్కలు తీస్తున్న వీడియోలు చూశారట. తమ్ముడు పెర్త్ నుంచి సంక్రాంతికి వస్తున్నాడు, రెండు లక్షల్లోపు మెషిన్ ఒకటి తెమ్మందామనుకుంటున్నారు. వేసవిలో వశిష్ఠ పాయలో తేలే ఇసుక తిన్నెల మీద తిప్పితే నగెట్లు, అంటే సహజంగా దొరికే బంగారు ముక్కలు, దొరుకుతాయా, ఏ మోడల్ కొనాలి, పాత లంకెబిందెలేమైనా తగులుతాయా అన్నది ప్రశ్న.

నగెట్ల కోసమైతే కొనకండి. ధవళేశ్వరం దిగువన ఎంత ఖరీదైన మెషిన్ తిప్పినా గోదావరి తెచ్చిన బంగారు ముక్క దొరకదు. మనుషులు పోగొట్టుకున్న ఉంగరాలు, పుస్తెలు, చెవిదిద్దులు వెతకడానికైతే డిటెక్టర్ మన ప్రాంతంలో బాగా పనికొస్తుంది. దానికి రెండు లక్షలు అక్కర్లేదు, అందులో సగం కూడా ఎక్కువే. లంకెబిందెల సంగతి చివర్లో చెబుతాను, అది వేరే తలనొప్పి.

నాదీ కోనసీమే. ఆటో ఎలక్ట్రీషియన్‌గా వెస్టర్న్ ఆస్ట్రేలియాలోని కల్గూర్లీలో గని లారీల వర్క్‌షాపులో తొమ్మిదేళ్ళు చేశాను. అక్కడ సెలవు రోజున చేయడానికి పెద్దగా ఏమీ ఉండదు. సగం ఊరు డిటెక్టర్ పట్టుకుని అడవిలో పడుతుంది, నేనూ పడ్డాను. తిరిగొచ్చి ఆరేళ్ళయింది. ఇప్పుడు ఇక్కడ ఎవరికైనా ఉంగరం జారిపోతే నాకు కబురొస్తుంది. కాబట్టి రెండు చోట్లా కాయిల్ (డిటెక్టర్ కర్ర చివర ఉండే గుండ్రటి పళ్ళెం) తిప్పిన చేత్తోనే ఇది రాస్తున్నాను.

ముందు నగెట్ ఎందుకు దొరకదో చూద్దాం. మీరు ఒక పని చేయండి. ఏటిగట్టుకి మనుషులు తెచ్చి పేర్చిన రాళ్ళు, రోడ్డుకి పోసిన కంకర వదిలేసి, గోదావరి తనంతట తాను మోసుకొచ్చిన రాయి ఒకటి, కుంకుడుకాయంతది చాలు, మీ లంకలో వెతికి పట్టుకోండి. పొద్దుటినుంచి సాయంత్రం దాకా తిరిగినా దొరకడం కష్టం. మన దగ్గర ఇల్లు కట్టాలన్నా, రోడ్డు వేయాలన్నా రాయి పైనుంచి లారీల్లో రావాల్సిందే. ధవళేశ్వరంలో కొండరాయి చేతికందే దూరంలో ఉండడం కాటన్ దొర 1847లో అక్కడ ఆనకట్ట మొదలుపెట్టడానికి ఒక కారణం. అక్కణ్ణుంచి కిందికి అంతా ఒండ్రు, ఇసుక, బంకమట్టి.

మామూలు రాయికి సాంద్రత 2.65 ఉంటుంది. బంగారానికి 19.3. నీళ్ళలో మునిగినప్పుడు నీటి సాంద్రత తీసేసి లెక్కేస్తే, ఒకే సైజున్న రాయి కంటే బంగారం పదకొండు రెట్లు బరువు తూగుతుంది. కుంకుడుకాయంత రాయినే ఇక్కడిదాకా ఈడ్చుకురాలేని నీరు అంతే సైజు బంగారాన్ని తెస్తుందా? ఎక్కడో ఎగువన, కొండల్లోంచి బయటపడిన కొద్ది దూరంలోనే ఏ రాతి సందులోనో అది కూరుకుపోతుంది. పాపికొండలు దాటాక గోదావరి వాలు చచ్చిపోతుంది. రాజమండ్రి దగ్గరే నేల సముద్ర మట్టానికి పదిహేను మీటర్లలోపు ఎత్తులో ఉంటుంది, అక్కణ్ణుంచి సముద్రం ఇంకా డెబ్భై ఎనభై కిలోమీటర్లు. వరదలో ఎర్రగా పొర్లుతుంది కదా అనిపిస్తుంది గానీ, ఆ ఎరుపంతా ఒండ్రే.

పోనీ అడుగున పాత రాతిపొర మీద ఏమైనా పేరుకుని ఉండదా అని అడగొచ్చు. ఆస్ట్రేలియాలో మేం వెతికేది అలాంటి చోటే, అడుగు రాయి తేలిన చోట. ఇక్కడ ఆ రాయి ఎంత లోతులో ఉందో ఓఎన్‌జీసీ రిగ్గులు చూసిన మీకు చెప్పక్కర్లేదు. కిలోమీటర్ల కొద్దీ బోరు దింపినా వాళ్ళు తవ్వేది పేరుకున్న పొరలనే.

అయితే గోదావరి ఇసుకలో బంగారం బొత్తిగా లేదా? పిండిలాంటి రేణువులు ఉండొచ్చు. సుబర్ణరేఖ ఒడ్డున, కేరళలో నీలంబూరు దగ్గర ఇసుక కడిగి రేణువులు తీసేవాళ్ళు తరాల నుంచీ ఉన్నారు. మన దగ్గర కూడా కంసాలి కొట్ల ముందు దుమ్ము ఊడ్చి, బూడిద కడిగి బంగారం తీసేవాళ్ళుండేవారు. దాన్నే జలగడగడం అంటారు. నాకూ దురద పుట్టి, వచ్చిన కొత్తలో మూడు తిన్నెల మీద ఇరవై బొచ్చెల ఇసుక కడిగాను. వంగి వంగి నడుం పట్టేసింది. బొచ్చె అడుగున మిగిలింది నల్ల ఇసుక, దాని అంచున గులాబీ పొడిలా గార్నెట్ అనే రాతి రేణువులు. పసుపు మెరుపు ఒక్కటి కనిపించి ఎగిరి గంతేశాను. వేలితో ఎత్తి ఎండలో తిప్పితే అభ్రకం. బంగారాన్ని ఎటు తిప్పినా అదే పసుపు, నీడలో పెట్టినా అదే పసుపు. అభ్రకం ఒక వాటం నుంచే మెరుస్తుంది, గోటితో నొక్కితే పొరలుగా ఊడుతుంది. ఇది గుర్తుంచుకుంటే చాలామందికి ఒక రాత్రి నిద్ర మిగులుతుంది.

ఇసుకలో రేణువులు ఉన్నాయనుకున్నా డిటెక్టర్‌కి పొడి బంగారం వినపడదు. షాపువాళ్ళు చెప్పని సంగతి ఇది. కాయిల్ కింది అయస్కాంత క్షేత్రం లోహపు ముక్కలో చిన్న చిన్న సుడి కరెంట్లు పుట్టిస్తుంది, మెషిన్ వినేది ఆ కరెంట్లనే. ముక్క ఒక్కటిగా ఉండాలి, సుడి తిరగడానికి చోటుండాలి. గ్రాము బంగారం ఒకే ముక్కగా ఉంటే వినిపిస్తుంది. అదే గ్రాము పదివేల రేణువులై ఇసుకలో కలిసిపోతే, ఐదు లక్షల మెషిన్ దాని మీంచి చప్పుడు లేకుండా వెళ్ళిపోతుంది. మీ లంక మొత్తంలో కిలో బంగారం పొడిగా ఉన్నా మీ చెవికి ఏమీ అందదు.

లోతు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. కాయిల్ నుంచి వస్తువు దూరం రెట్టింపయితే సిగ్నల్ సగం కాదు, దాదాపు అరవై నాలుగో వంతుకి పడిపోతుంది. అందుకే పదకొండు అంగుళాల కాయిల్‌తో మామూలు ఉంగరం ఎనిమిది పది అంగుళాల దాకా వినిపిస్తే గొప్ప. అర గ్రాము ముక్కయితే మూడు నాలుగు అంగుళాలు. ఎవరైనా ముప్పై అడుగుల లోతు అని చెబితే అది మెషిన్ కాదు, బేరం.

వీడియోల్లో చూపేది అబద్ధమా అంటే కాదు. కాకపోతే కత్తిరించి చూపిస్తారు. కల్గూర్లీ చుట్టుపక్కల బంగారం పుట్టిన రాయి అక్కడే నేల మీద ఉంది. లక్షల ఏళ్ళుగా ఎండకి, గాలికి ఆ రాయి చివికి, అందులోని బంగారం ఆ వాలులోనే రాలింది. మోసుకుపోవడానికి నది లేదు. 1893లో అక్కడ బంగారం బయటపడ్డప్పుడు కడగడానికి నీళ్ళు లేక మట్టిని గాలికి తూర్పారబట్టేవారు, మనం కళ్ళంలో ధాన్యం పట్టినట్టు. ఆ మట్టికుప్పలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి, మేం వాటి చుట్టూ తిరిగేవాళ్ళం. విక్టోరియాలో కింగోవర్ దగ్గర 1980లో ఒకాయన డిటెక్టర్‌తో తీసిన ‘హ్యాండ్ ఆఫ్ ఫెయిత్’ ముక్క 27.2 కిలోలు. మన లెక్కలో 3,400 కాసులు. అది అడుగు లోతులో ఉంది. అలాంటిది ఒకటి దొరికిందని మిగతావాళ్ళం నలభై ఏళ్ళుగా మెషిన్లు కొంటూనే ఉన్నాం.

నా సంగతి చెప్పాలంటే మొదటి మూడు నెలలూ బూటు మేకులు, తుపాకీ గుళ్ళు, కంచె తీగలు, సార్డీన్ డబ్బా రేకులు. ఒక్క రేణువు లేదు. నాలుగో నెలలో ఒక పాత మట్టికుప్ప పక్కన, చెవిలో సన్నగా సాగే హమ్ కొంచెం పైకి లేచి కిందికి దిగింది. అంతే, పిట్ట కూత కూడా కాదు. బూటుతో మట్టి నెట్టాను, చప్పుడు కదల్లేదు. మేకయితే ఈపాటికి కదిలేది. నాలుగు అంగుళాలు తవ్వి, మట్టి ప్లాస్టిక్ గరిటెలోకి తీసి కాయిల్ మీద ఊపాను, గరిటెలో ఉంది. సగం అరచేతిలో పోసి మళ్ళీ ఊపాను, గరిటెలో లేదు, చేతిలో ఉంది. అలా సగం, సగంలో సగం చేసుకుంటూ పోతే చివరికి ఎర్ర దుమ్ము కప్పుకున్న పెసరగింజంత ముక్క మిగిలింది. ఉమ్మేసి తుడిస్తే పసుపు. త్రాసులో 0.38 గ్రాము. డీజిల్ ఖర్చు అంతకు మూడింతలు. తొమ్మిదేళ్ళలో మొత్తం తీసింది అమ్మితే మెషిన్ డబ్బు వచ్చింది, కారు టైర్ల డబ్బు రాలేదు. ఇది సరదా, సంపాదన కాదు. అక్కడ అందరికీ ఆ సంగతి తెలుసు.

అక్కడ మేం వాడే నగెట్ మెషిన్లు మన దగ్గరకొస్తే ఇంకో చిక్కు ఉంది. గోల్డ్ మాన్‌స్టర్ 1000 పనిచేసేది 45 కిలోహెర్ట్జ్ మీద, పాత ఫిషర్ గోల్డ్ బగ్ 2 అయితే 71. అంత పై ఫ్రీక్వెన్సీ చిన్న ముక్కల్ని బాగా వింటుంది, కానీ ఉప్పు తడి తగిలితే పిచ్చెక్కినట్టు అరుస్తుంది. ఉప్పునీటికీ కరెంటు పారుతుంది కదా, చిన్న బంగారు ముక్క చేసే చప్పుడు, ఉప్పు చేసే చప్పుడు మెషిన్‌కి దాదాపు ఒకేలా ఉంటాయి. ఉప్పుని నోరు మూయిస్తే చిన్న బంగారమూ నోరు మూసుకుంటుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు దీనికి తోడు నల్ల ఇసుక. వరద తీశాక తీరం మీద చారలు చారలుగా పేరుకుంటుంది చూడండి, అది ఇల్మెనైట్, మాగ్నటైట్ లాంటి ఖనిజాలు. ఆ చార మీద కాయిల్ పెట్టగానే గ్రౌండ్ బ్యాలెన్స్, అంటే నేల చేసే చప్పుడు మెషిన్ పట్టించుకోకుండా సరిచేయడం, మొత్తం మళ్ళీ చేసుకోవాలి. చార దాటగానే మళ్ళీ.

జీపీఎక్స్ 6000 లాంటి పల్స్ ఇండక్షన్ (క్షేత్రాన్ని విడతలు విడతలుగా పంపే) మెషిన్లు ఖనిజపు నేలని బాగా తట్టుకుంటాయి. కానీ అవి మన డబ్బుల్లో ఐదు లక్షలు దాటతాయి, పైగా ఇనుముకీ బంగారానికీ తేడా చెప్పడంలో నమ్మదగినవి కావు. మన రేవుల్లో ఇనుము ఎంతుంటుందో తెలుసు కదా. పడవ మేకులు తవ్వుకుంటూ కూర్చోవాలి.

మన దగ్గర డిటెక్టర్ వినేది ఏరు తెచ్చిన బంగారాన్ని కాదు, ఒంటి మీంచి జారిన బంగారాన్ని. అది లంకల్లో ఉండదు, రేవుల్లో ఉంటుంది. కోటిపల్లి, అంతర్వేది, నర్సాపురం రేవుల్లో కార్తీకం స్నానాలప్పుడు, పుష్కరాలప్పుడు ఎన్ని వేళ్ళు చల్లటి నీళ్ళకి సన్నబడి ఉంగరాలు వదులుతాయో! కాకపోతే వాటి చుట్టూ చిల్లర నాణేలు చల్లినట్టుంటాయి. రాజమండ్రిలో పిల్లలు తాడుకి అయస్కాంతం కట్టి రూపాయి బిళ్ళలు లాగుతుంటారు, చూసే ఉంటారు. 1992 నుంచి వచ్చిన స్టీలు రూపాయిలకి అయస్కాంతం పట్టుకుంటుంది, అంతకు ముందటి రాగి-నికెల్ బిళ్ళలకి పట్టుకోదు. నేను రేవులో దిగేముందు ఆ పిల్లల చేత ఒక విడత లాగిస్తాను. వాళ్ళకి చిల్లర, నాకు ప్రశాంతత.

నేను వెతికినవాటిలో మీకు పనికొచ్చేవి రెండు మూడు చెబుతాను.

రెండేళ్ళ కిందట ఆషాఢంలో, మలికిపురం వైపు ఒక ఊళ్ళో ఊడ్పుల్లో ఒకావిడ నానుతాడు తెగి దమ్ము చేసిన చేలో పడిపోయింది. నేను వెళ్ళేసరికి పదిమంది చేలో దిగి చేతులతో దేవుతున్నారు. ముందు వాళ్ళందరినీ గట్టెక్కించాను. బంగారం బరువు, బురదలో కాలు పెట్టి కెలికిన ప్రతిసారీ ఇంకో రెండు వేళ్ళు కిందికి దిగుతుంది. ఆవిడ ఎక్కడ మొదలుపెట్టింది, ఎటు వెనక్కి నడిచింది అడిగి, పురికొస కట్టి మూడడుగుల వెడల్పున వరసలు చేసుకున్నాను. కాయిల్‌ని నీళ్ళ మీద ఇస్త్రీపెట్టెలా ఆనించి నెమ్మదిగా తోశాను. మూడో వరసలో సన్నటి చప్పుడు. చేయి మోచేతి దాకా పెట్టి, దగ్గర్లోని లోహాన్ని మాత్రమే పట్టే చేతి డిటెక్టర్, అదే పిన్‌పాయింటర్ వణికిన చోట పిడికెడు బురద తీసి చెక్ ట్రేలో (రొయ్యల చెరువులో మేత చూసే వల పళ్ళెం) కడిగితే ఒక పుస్తె. దాని పక్కనే రెండోది, తాడుతో సహా.

అసలు చెప్పాల్సింది ఆ తర్వాతిది. గట్టు మీద పుస్తెలు విడిగా, మూడు కాసుల నానుతాడు విడిగా పెట్టి కాయిల్ ఊపి అందరికీ చూపించాను. చెరో రెండు గ్రాముల పుస్తె జానెడు ఎత్తు నుంచి గంటలా మోగింది. ఇరవై నాలుగు గ్రాముల తాడు రెండు అంగుళాల దగ్గర కూడా గొణిగింది అంతే. గొలుసంటే మెషిన్‌కి ఒక్క వస్తువు కాదు, ఒకదానికొకటి అంటీ అంటనట్టు తగులుతున్న వందల చిన్న రింగులు. కరెంటు ఒక రింగు దాటి ఇంకో రింగులోకి సాఫీగా పారదు. ఉంగరం అయితే పూర్తి చుట్టు, అందుకే బరువు తక్కువైనా గట్టిగా మోగుతుంది. అదే ఉంగరం విరిగి నోరు తెరుచుకుంటే చప్పుడు సగం పోతుంది. కాబట్టి ఎవరైనా గొలుసు పోయిందంటే నేను ముందు అడిగేది దానికి లాకెట్ ఉందా, కొక్కెం ఎలాంటిది అని. నేను వెతికేది కొక్కేన్నే. ముక్కుపుడక పోయిందని పిలిస్తే మాత్రం వెళ్ళను. అది వినపడదు.

కోటిపల్లి రేవులో మోకాల్లోతు నీళ్ళలో ఒక కుర్రాడి నిశ్చితార్థం ఉంగరం నలభై నిమిషాల్లో దొరికింది. దానికి ముందు బయటికొచ్చినవి: సోడా మూతలు తొమ్మిది, రూపాయలు పదమూడు, ట్యాబ్లెట్ స్ట్రిప్పులు, ఎవరో పూజ చేసి వదిలిన రాగిరేకు, ఒక చిలకలపూడి గాజు ముక్క. ట్యాబ్లెట్ స్ట్రిప్, సన్న ఉంగరం స్క్రీన్ మీద ఒకే నంబర్ దగ్గర కనిపిస్తాయి. చెత్త వద్దని ఆ నంబర్ మూసేశారంటే ఉంగరాన్ని కూడా మూసేసినట్టే. బంగారం కోసం వెతికేవాళ్ళు ఇలా నంబర్లు మూసేసే డిస్క్రిమినేషన్‌ని ఇనుము వరకే వాడాలి, మిగతా ప్రతి చప్పుడూ తవ్వాల్సిందే. ఇందులో అడ్డదారి లేదు.

ఓడిపోయింది కూడా చెప్పాలి కదా. ఒక రొయ్యల చెరువులో మేత వేస్తుండగా రైతు వేలి ఉంగరం జారింది. ఉప్పు చెరువు, పైన పదకొండు కేవీ లైను, చుట్టూ నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ మోటార్లు తిరుగుతున్నాయి. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే చెవిలో వడగళ్ళ వాన. మోటార్లు ఆపండి అన్నాను. పది నిమిషాలు ఆపారు, ఆ పది నిమిషాలూ ఆయన చూపు నా మీద లేదు, నీళ్ళ మీదే ఉంది. ఆక్సిజన్ పడిపోయి రొయ్య తేలిందంటే పోయేది ఉంగరం కాదు, పంట. ఆయన టెన్షన్ చూసి నేనే బయటికొచ్చేశాను. చెరువు పట్టుబడి అయ్యాక, నీరు తీసి ఎండగట్టినప్పుడు పిలవమన్నాను. అప్పుడు కూడా వెళ్ళి వెతికాను, దొరకలేదు. బుల్‌డోజర్ తోసిన మట్టిలో గట్టుకి ఎక్కేసి ఉంటుందని నా అనుమానం.

ఇక ఏది కొనాలి. నీళ్ళలో పూర్తిగా మునగగలిగేది, ఒకేసారి చాలా ఫ్రీక్వెన్సీల మీద పనిచేసేది, ఉప్పు ఇసుకకి సర్దుకునే బీచ్ మోడ్ ఉన్నది. ఈ మూడూ ఉంటే కంపెనీ ఏదైనా ఫర్వాలేదు. నేను వాడేది మైన్‌ల్యాబ్ ఎక్వినాక్స్ 800, మూడు మీటర్ల లోతు దాకా నీళ్ళలో తట్టుకుంటుంది. ఆ మోడల్‌కి తర్వాతివి వచ్చేశాయి, పాతది ఎవరైనా అమ్ముతుంటే తీసుకోవచ్చు, కానీ కాయిల్ చెవుల దగ్గర పగుళ్ళున్నాయేమో చూసుకోండి. గ్యారెట్ ఏటీ గోల్డ్ 18 కిలోహెర్ట్జ్ ఒక్కదాని మీదే నడుస్తుంది. మంచినీటి రేవుల్లో బాగానే ఉంటుంది, అంతర్వేది ఉప్పు ఇసుకలో సతాయిస్తుంది. కొన్నాక బయటికి పరిగెత్తకండి. మీ ఇంట్లోవాళ్ళ ఉంగరం, దిద్దు, గొలుసు బల్ల మీద పెట్టి ఒక్కోటీ ఎలా పలుకుతుందో వారం రోజులు చెవికి అలవాటు చేసుకోండి. తర్వాత ఇసుకలో పాతి వినండి. పాతేముందు దారం కట్టండి! నవ్వకండి, మా బావమరిది కట్టలేదు, ఒక ఆదివారమంతా ఇంటి వెనకాల కొబ్బరిచెట్ల మధ్య గడిచిపోయింది.

పిన్‌పాయింటర్ మాత్రం తప్పకుండా కొనండి, చేతిలో ఇమిడే చిన్న గొట్టంలాంటిది. నీళ్ళలో అది లేకపోతే కళ్ళు లేనట్టే. ఇసుక తోడే గరిటె బయట కొనక్కర్లేదు. స్టెయిన్‌లెస్ రేకుకి ఎనిమిది మిల్లీమీటర్ల బెజ్జాలు కొట్టించి, గొట్టం పిడి వెల్డింగ్ చేయించుకుంటే సరిపోతుంది. బెజ్జాలు పెద్దవి పెట్టించకండి, దిద్దు జారిపోతుంది. బురద కడగడానికి రొయ్యల చెక్ ట్రేని మించింది లేదు. హెడ్‌ఫోన్ వాడండి, లేకపోతే ఆ కూతకి రేవంతా మీ చుట్టూ చేరుతుంది. కాళ్ళకి రబ్బరు బూట్లు, రేవు అడుగున గాజు పెంకులుంటాయి. మెషిన్ కొత్తదైతే తమ్ముణ్ణి బిల్లు దగ్గర ఉంచుకోమనండి, కస్టమ్స్‌లో అడుగుతారు. విడి లిథియం బ్యాటరీ ఉంటే చేతిసంచిలోనే తేవాలి, చెకిన్ పెట్టెలో కుదరదు.

చివరికి లంకెబిందెలు. ఏటా ఇద్దరు ముగ్గురు వస్తారు నా దగ్గరికి, అదీ చీకటి పడ్డాక. తాతల కాలంనాటి ఇల్లు, ఎవరో సిద్ధాంతి చెప్పాడు, దొరికితే సగం సగం. నేను వెళ్ళను. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ నడుస్తోంది. భూమిలో దాచినది పది రూపాయల విలువ దాటినది ఏది దొరికినా కలెక్టర్‌కి రాతపూర్వకంగా తెలియజేయాలి. దాచేస్తే ఏడాది దాకా జైలు. చట్టప్రకారం వెళ్తే, సొంతదారు ఎవరూ తేలకపోతే కనుక్కున్నవారికి ముప్పావు, భూమి యజమానికి పావు వచ్చే పద్ధతి అందులోనే ఉంది. ప్రభుత్వం తీసుకోవాలనుకుంటే విలువకి ఐదో వంతు కలిపి చెల్లించి తీసుకోవచ్చు. అంటే తిన్నగా వెళ్ళినవాడికి నష్టం లేదు, కానీ చీకట్లో వచ్చేవాళ్ళకి ఈ మాట రుచించదు. ఇంకోటి, ఆదుర్రు బౌద్ధస్తూపం లాంటి రక్షిత స్థలాల దగ్గర డిటెక్టర్ బయటికి కూడా తీయొద్దు. వాటికి వంద మీటర్ల లోపు నిషేధిత ప్రాంతం, ఆ పైన ఇంకో రెండొందల మీటర్లు ఆంక్షలు. పంచాయతీ స్థలమైనా, గుడి రేవైనా అడిగి దిగండి. పోయిన వస్తువు యజమాని పక్కనే ఉంటే ఏ గొడవా ఉండదు, నేను ఎప్పుడూ వాళ్ళని గట్టు మీద కూర్చోబెట్టే వెతుకుతాను.

ఈ లంకెబిందెల వెనకాలే వచ్చే సరుకు లాంగ్ రేంజ్ లొకేటర్. చేతిలో పిడి, ముందుకు ఊగే యాంటెన్నా పుల్ల, అర కిలోమీటరు అవతల బంగారం ఎటుందో చూపిస్తుందట. లోపల విప్పి చూశాను ఒకటి, వైర్లు ఎక్కడికీ కలవని ఒక బోర్డు, దాని మీద లైటు వెలగడానికి బ్యాటరీ. ఆ పుల్ల ఊగేది మన మణికట్టు వణుకుకి. ఇలాంటి పుల్లనే బాంబులు పడుతుందని ఏడీఈ 651 పేరుతో ఇరాక్ ప్రభుత్వానికే అమ్మినందుకు బ్రిటన్‌లో జేమ్స్ మెకార్మిక్ అనే ఆయనకి 2013లో పదేళ్ళ జైలు పడింది. ప్రభుత్వాలే మోసపోయాయి, మన పక్కింటాయన మోసపోవడంలో వింతేముంది. కానీ ఐదెకరాల కొబ్బరితోట మీద అప్పు తెచ్చి కొన్నవాణ్ణి చూశాను, అందుకే ఇంత రాస్తున్నాను.

నిజంగా నేలలోంచి నగెట్ తీయాలన్న కోరికే ఉంటే మీకో దారి ఉంది, తమ్ముడు పెర్త్‌లోనే ఉన్నాడు కదా. కల్గూర్లీ అక్కణ్ణుంచి ఆరొందల కిలోమీటర్లు. అక్కడ మైనర్స్ రైట్ అనే అనుమతి కాగితం తీసుకుని, ఎవరి లీజులోనూ లేని ప్రభుత్వ భూమిలో తిరగొచ్చు. మెషిన్లు అద్దెకిచ్చే షాపులున్నాయి. చలికాలంలో వెళ్ళండి, అంటే జూన్ నుంచి ఆగస్టు. మనిషికి రోజుకి ఐదారు లీటర్ల నీళ్ళు, ఆపదలో సాయం కోరే శాటిలైట్ బీకన్, పాముకాటుకి చుట్టే కట్టు తప్పనిసరి. కారు కనిపించే దూరం దాటొద్దు. అక్కడ చెట్లన్నీ ఒకేలా ఉంటాయి, నేను ఒకసారి రెండు గంటలు నా కారు చుట్టూనే తిరిగాను.

తమ్ముడు డబ్బు కట్టేముందు ఏ మోడల్ చూస్తున్నాడో ఇక్కడే రాయండి. మీరు ఎక్కువగా దిగేది మంచినీటి రేవా, ఉప్పు తగిలే మొగ దగ్గరా అన్నది కూడా రాస్తే, దాన్నిబట్టి కాయిల్ సైజు చెబుతాను.